పద్మిని ఆంటీ ఇచ్చిన పాము

మా తేజశ్రీకి పాము కావాలట.

లండన్‌లో, అంటే ఇంగ్లండ్‌ది కాదు, కెనడాలో ఉన్న లండన్‌లో, మేమిద్దరం ఒక బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్ళం. స్టూడెంట్లు విమానాలకు విమానాలు దిగుతున్న రోజులవి. గది దొరకడమే గగనం. ఇంటి ఓనరు కుక్క వద్దు, పిల్లి వద్దు, పోపు వాసన వద్దు అంటే అన్నిటికీ గంగిరెద్దుల్లా తలూపి చేరిపోయాం. తేజశ్రీది జగిత్యాల. డిగ్రీలో జువాలజీ చదివింది. చలికాలం మొదలయ్యాక అది క్లాసు నుంచి రాగానే మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకునేది. పిలిస్తే పలికేది కాదు. దాన్ని చూస్తే నాకు దిగులేసేది.

అలాంటిది ఒక ఆదివారం లేచి కూర్చుని, "బాల్ పైథాన్ పెంచుకుందామే అమృతా. అరవదు, బొచ్చు రాలదు, పైనోళ్ళకు తెల్వను కూడా తెల్వదు" అంది. దాని మొహంలో వెలుగు చూసి, పామంటే చచ్చేంత భయమున్న నేను కూడా సరేనన్నాను.

ముందు ఊళ్ళో ఉన్న పాముల షాపుకి వెళ్ళాం. అక్కడి ముసలాయన అడిగినన్ని ప్రశ్నలు పెళ్ళిచూపుల్లో కూడా అడగరు. పాముని ఉంచే గాజు ట్యాంక్ ఎంతుంది, వేడి ఎలా పెడతారు, ఊరెళ్తే ఎవరు చూస్తారు... ట్యాంక్ సిద్ధం చేసి ఫొటో చూపించేదాకా పాముని ఇవ్వనన్నాడు. "ఎక్కడ కొన్నా సరే, అది తింటుండగా చూసి కొనండి. ఇదివరకు ఎవరి దగ్గరుందో, వాళ్ళెందుకు వదిలేశారో అడగండి. చెప్పనివాళ్ళ దగ్గర కొనకండి" అన్నాడు. తేజశ్రీ బుద్ధిగా విన్నది. నాకైతే ఆయన చాదస్తానికి ఒళ్ళు మండింది.

ఆ వారమే తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో ఒక మెసేజ్ కనిపించింది. బాల్ పైథాన్ ఉంది, చాలా సాధువు, మన పిల్లలకే ఇస్తాను, పద్మిని, ఎటోబికో. మనవాళ్ళే! ఇంకేం కావాలి? ఎటోబికో రెండు గంటల దూరమైనా బస్సెక్కేశాం.

ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్ల వెనకాల ఇల్లు. పక్కనున్న మెట్లు దిగి బేస్‌మెంట్ తలుపు కొట్టాం. తలుపు తెరుచుకోగానే వేడి మొహానికి కొట్టింది. అంత వేడిలోనూ పద్మిని ఆంటీ రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్, ఉన్ని మేజోళ్ళు వేసుకుని ఉంది. నెయ్యి వాసన, అగరుబత్తి వాసన, వాటి అడుగున ఎక్కడో తడిసిన అట్టపెట్టె వాసన. తలమీదుగా విమానం వెళ్తే గిన్నెలు సన్నగా మోగాయి.

"రండమ్మా, రండి. ముందు భోంచెయ్యండి. పామెక్కడికి పోతుంది?"

టేబుల్ మీద మూడు కంచాలున్నాయి. పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, ఆవకాయ, వంకాయ కూర. ఒకరు వండి వడ్డించగా తిని ఎన్నాళ్ళయిందో! సిగ్గులేకుండా నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆవిడ మాత్రం నిలబడే ఉంది.

"మీరూ కూర్చోండి ఆంటీ," అన్నాను.

"అది నాకు కాదమ్మా, చంద్రికకి."

"చంద్రిక ఎవరాంటీ?" అడిగింది తేజశ్రీ.

"మీలాగే చదువుకోడానికి వచ్చిన పిల్ల. నాతోనే ఉండేది. పాము దానిదే."

"మరి ఆమె ఎందుకు ఇచ్చేస్తుంది?"

ఆవిడ తేజశ్రీ అన్నం మీద గరిటెడు నెయ్యి పోసింది. "చిక్కిపోయావు తల్లీ. తిను."

తేజశ్రీ నా వంక చూసింది. నేను దాని వంక చూశాను. కన్నతల్లిలా కొసరి కొసరి వడ్డిస్తున్న పెద్దావిడని పట్టుకుని ఆరాలు ఎలా తీస్తాం? మొహమాటం. పాము తింటుండగా చూడాలన్న మాట కూడా ఆవకాయ ముద్దతో పాటే లోపలికి పోయింది.

మూడో కంచం దగ్గరికి ఎవరూ రాలేదు. ఎంగిలి కంచాలు తీస్తూ ఆవిడ ఆ అన్నాన్ని వేలితో తాకి చూసింది.

"చల్లారింది. తినేసింది," అంది.

అందులో ఒక్క మెతుకు కదల్లేదు. ముసలితనం, ఒంటరితనం అనుకుని జాలిపడ్డాను.

చివరికి ఆవిడే మమ్మల్ని ఒక్క ప్రశ్న అడిగింది. "మీ ఇద్దరిలో ఎవరి ఒళ్ళు వెచ్చగా ఉంటుంది?" తేజశ్రీ నవ్వి చెయ్యి చాపింది. ఆవిడ ఆ చేతిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత తలగడ గలీబులో పాముని పెట్టి, ముడి వేసి తేజశ్రీ ఒళ్ళో ఉంచింది. డబ్బు మాట ఎత్తనివ్వలేదు.

మొదట్లో అంతా బాగానే ఉంది. తేజశ్రీ మళ్ళీ నవ్వింది, పాటలు పెట్టింది, పాముకి బుజ్జి అని పేరు పెట్టింది. ఫ్రీజర్‌లో ఐస్‌క్రీమ్ పక్కన పాము తిండికని చచ్చిన ఎలుకల ప్యాకెట్ పెట్టినందుకు నేను రోజూ సణుగుతూనే ఉన్నాను. పాము మాత్రం ఒక్క ఎలుకనీ ముట్టలేదు. వేడి కోసం పెట్టిన దీపం కిందికీ పోయేది కాదు. తేజశ్రీ మంచం వైపున్న అద్దానికి ఆనుకుని పడుకునేది.

ఆ తర్వాత తేజశ్రీ గదిలో కూడా స్వెట్టర్ వేసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత దాని మీద ఇంకోటి. ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చుని ఉంది. క్లినిక్‌కి లాక్కెళ్తే రక్తపరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయన్నారు.

డిసెంబరులో మంచువాన పడిన సాయంత్రం కరెంటు పోయింది. కిటికీ లేని గదిలో చీకటి చిక్కగా నిండిపోయింది. హీటర్ చప్పుడు ఆగింది. ఫ్రిజ్ చప్పుడు ఆగింది. పైన కొమ్మలు మంచు బరువుకి విరుగుతున్న శబ్దం ఒక్కటే... తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది.

తేజశ్రీ గుసగుసగా ఏదో అంటోంది.

"ఎవరితోనే?"

"చంద్రికతోని... నువ్వు తిన్నవా అని అడుగుతుంది."

ఫోన్ టార్చ్ వేశాను. ట్యాంక్ ఖాళీ. తేజశ్రీ రజాయి కింద ఏదో మెల్లగా కదిలింది. రజాయి లాగేశాను. పాము దాని ఛాతీ చుట్టూ చుట్టుకుని ఉంది. తేజశ్రీ పెదాలు తెల్లబడ్డాయి. చలికి ఊపిరి నా నోట్లోంచి పొగలా వస్తోంది. దాని నోట్లోంచి రావడం లేదు.

నేను పాముని పట్టుకున్నాను. నేను! రెండు చేతులతో. అది కాలుతోంది. జ్వరం వచ్చిన పసిపిల్ల నుదురులా కాలుతోంది. పీకి గలీబులో కుక్కి, ముడి మీద ముడి వేసి, బట్టలుతికే గదిలో పడేసి తలుపేశాను. తేజశ్రీని కావలించుకుని కూర్చున్నాను. "చలి పెడ్తుందే..." అంటూ అది చిన్నపిల్లలా ఏడ్చింది. ఏడ్చినందుకే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎటోబికోకి ఫోన్ చేశాను. ఇక మొహమాటం ఏమిటి?

"చంద్రికకి ఏమైంది? చెప్పండి!"

"తిన్నారా తల్లీ?" ఆవిడ గొంతు హాయిగా ఉంది. "నాకు చలి పోయిందమ్మా. ఇన్నేళ్ళకి ఇవాళే స్వెట్టర్లు విప్పేశాను."

ఫోన్ పెట్టేసింది.

పొద్దున్నే గలీబుని పాముల షాపుకి తీసుకెళ్ళాను. నేను వేసిన ముళ్ళు వేసినట్టే ఉన్నాయి. ముసలాయన విప్పాడు. లోపల పాము లేదు. తల నుంచి తోక దాకా నిండు కుబుసం ఒక్కటే ఉంది. ఆయన దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. వేళ్ళ మధ్య అది పొడిపొడిగా రాలింది.

"ఇది నిన్నటిది కాదు," అన్నాడు నెమ్మదిగా. "ఏళ్ళ నాటిది. ఎవరి దగ్గర కొన్నారు?"

ఇంటికి పరుగెత్తాను.

కరెంటు వచ్చింది. తేజశ్రీ లేచి తలస్నానం చేసి, వంట చేసింది. బుగ్గల్లో రంగు కూడా వచ్చింది. దాన్ని చూసి దేవుడికి దండం పెట్టుకున్నాను. అప్పుడు టేబుల్ చూశాను. ఒకే గిన్నెలోంచి అప్పుడే వడ్డించిన అన్నం, పొగలు కక్కుతూ, మూడు కంచాల్లో.

"మూడోది ఎవరికే?"

"ముందు తినవే," అంటూ నా అన్నం మీద గరిటెడు నెయ్యి పోసింది.

నా కంచంలోంచి పొగ లేస్తోంది. దాని కంచంలోంచీ లేస్తోంది. మూడో కంచంలోంచి లేస్తున్న పొగ నేను చూస్తుండగానే ఆగిపోయింది.

తేజశ్రీ ఆ అన్నాన్ని వేలితో తాకి చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

"నీ చెయ్యి ఎంత వెచ్చగుందే..."