పదికి మూడు వచ్చిన బడి

పొద్దున్నే యారెలీ మళ్ళీ వాంతి చేసుకుంది. తల్లి ఒరాలియా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఒళ్ళు చల్లగానే ఉంది. వారమంతా ఇదే వరస. మొన్న శనివారం మాత్రం పిల్ల కడుపునిండా తిని, పక్కింటి కుక్కతో సందంతా పరుగులు పెట్టింది.

"ఇది బడి జ్వరం," అంది ఒరాలియా, పెనం మీద టోర్టియా రొట్టె తిప్పుతూ. "నువ్వు ఆ ఇంగ్లీషు పరీక్ష మాట ఎత్తినప్పట్నుంచీ పట్టుకుంది."

తండ్రి ఎవరిస్టో బూట్ల తాళ్ళు బిగించుకుంటూ తలెత్తలేదు. ఇళ్ళకు పైకప్పులు వేసే పని అతనిది. టెక్సాస్ ఎండ ముదరకముందే నిచ్చెన ఎక్కాలి.

"కారం తగ్గించి వండు. అదే పోతుంది," అన్నాడు.

"నీ నోట్లో ఉన్న కారం నేనెట్లా తగ్గించేది?"

మూడో తరగతి పిల్లలకు ఏప్రిల్‌లో ప్రభుత్వ పరీక్ష. నది ఒడ్డున ఉన్న ఆ ఊరి బడిలో దాదాపు అందరి ఇళ్ళలోనూ స్పానిషే. ఇంగ్లీషు ఇంకా కుదురుకోని పిల్లలు అదే పరీక్షను స్పానిష్‌లో రాయవచ్చు. యారెలీ ఏడేళ్ళు వచ్చేదాకా నదికి అవతలి దేశంలో, అమ్మమ్మ దగ్గర పెరిగింది. స్పానిష్‌లో రాయించడమే మంచిదని టీచరు మిస్ కవాసోస్ కబురు చేసింది. ఎవరు ఏ భాషలో రాయాలో తేల్చడానికి ఈ మధ్యాహ్నం బడిలో కమిటీ కూర్చుంటుంది. తల్లిదండ్రుల మాట కావాలి. ఎవరిస్టో ససేమిరా అన్నాడు.

అతని దగ్గర ఒక ఆయుధం ఉంది. ఫోను. బడులకు మార్కులు వేసే సైటు ఒకటి ఈ బడికి పదికి మూడు వేసింది. ఆ కిందే ఏ జాతి పిల్లలు ఎందరు, బడిలో ఉచిత భోజనం తినేవాళ్ళు ఎందరు అని సంతలో గొడ్లను లెక్కపెట్టినట్టు లెక్క. ఎవరిస్టో ఇంటికి వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపిస్తాడు.

"చూడు, మూడు," అన్నాడు ఇప్పుడు కూడా. "స్పానిష్‌లో రాసేవాళ్ళు ఉన్నంతకాలం అది మూడే."

"ఆ కింద కూడా చదువు. నూటికి తొంభై మందికి పైగా మనవాళ్ళే అని లేదూ? కప్పులేసేవాళ్ళ పిల్లలు, తోటల్లో నిమ్మకాయలు కోసేవాళ్ళ పిల్లలు. ఆ మూడు మన సంపాదనకి వేశారు, చదువుకి కాదు."

"బడి వంటింట్లో బీన్స్ వడ్డించేదానివి, నాకు చదువు గురించి చెప్తున్నావు."

"వడ్డిస్తాను కాబట్టే చెప్తున్నా. ఎవరు తిన్నారో, ఎవరు పారేశారో నా కళ్ళకి కనిపిస్తుంది. నీ కూతురు వారంగా బడిలో పళ్ళెం ముట్టలేదు."

ఎవరిస్టో కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "అదే బడి, ఒరాలియా. నన్ను మొద్దు అని వెనక గదిలో పడేసిన బడి. ఎందుకు? నా నోట్లో స్పానిష్ తప్ప ఏమీ లేదని. ఎనిమిదిలో మానేసి మా నాన్న నిచ్చెన పట్టుకున్నా. నా బిడ్డ ఆ గదిలోకి పోదు."

"నిన్ను ఆ గదిలో పడేసింది స్పానిష్ కాదు. నీకు రాని భాషలో పరీక్ష పెట్టినవాళ్ళు." ఒరాలియా పొయ్యి ఆర్పింది. "ఇవాళ నువ్వు నీ కూతురికి పెట్టించేది ఏ భాషలో మరి?"

అతను టోపీ అందుకున్నాడు. అప్పుడే గుమ్మం దగ్గర నుంచి సన్నగా వినిపించింది.

"నాన్నా, మన బడికి మూడు వచ్చింది నావల్లేనా?"

"ఎవరన్నారే?"

"నువ్వే అంటావుగా, నాలాంటోళ్ళ వల్లే అని." యారెలీ గౌను అంచు వేలికి చుట్టుకుంటోంది. "నేను ఇంగ్లీషులో రాసి ఫెయిలైతే రెండయిపోతుందా?"

ఎవరిస్టో మళ్ళీ కూర్చున్నాడు. పిల్ల సంచిలోంచి బయటికి కనిపిస్తున్న కాగితం లాగాడు. మిస్ కవాసోస్ ఇచ్చిన స్పానిష్ పాఠం.

"ఇదేం బ్రహ్మవిద్యా, నేను చదివి చూపిస్తా," అని మొదలుపెట్టాడు. రెండో వాక్యంలోనే బండి ఆగింది. పుట్టినప్పటి నుంచీ తిట్టుకున్నది, దేవుణ్ణి వేడుకున్నది ఆ భాషలోనే. చదవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

యారెలీ పక్కకు వచ్చి వరస కింద వేలు పెట్టింది. "ఇక్కడ ఆగకూడదు నాన్నా, కింది దాంతో కలిపి చదవాలి." తనే చదివింది. తేనెటీగలను పెంచే ముసలమ్మ కథ. ఆ ముసలమ్మకు అచ్చం అమ్మమ్మ గొంతు పెట్టి, తేనెటీగలను తిట్టించింది. ఎవరిస్టో నవ్వేశాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. మేస్త్రీ దగ్గర నుంచి ఫోను మోగుతున్నా తీయలేదు.

మధ్యాహ్నం బూట్లకు తారు అంటుకుని ఉండగానే బడికి వెళ్ళాడు.

"స్పానిష్‌లోనే రాయనివ్వండి, మిస్," అన్నాడు నిలబడే. "ఇంగ్లీషు మాత్రం మానిపించకండి. ఎంత నేర్పితే అంత నేర్పండి. పరీక్ష మాత్రం దానికి వచ్చిన భాషలో పెట్టండి."

"మేం అడిగిందీ అదేనండీ."

"మరి బడి మార్కు తగ్గితే?"

మిస్ కవాసోస్ అతని వంక వింతగా చూసింది. "ఎందుకు తగ్గుతుంది? ఏ భాషలో రాసినా లెక్క ఒక్కటేగా. స్పానిష్‌లో రాస్తే తక్కువని ఇన్నాళ్ళూ అనుకున్నారా?"

ఎవరిస్టో టోపీ తీసి చేతిలో నలుపుతూ బయటికి నడిచాడు. బడి వంటింటి కిటికీలోంచి ఒరాలియా గరిటె ఎత్తి చూపింది. దెబ్బలకో, మెచ్చుకోలుకో అతనికి అర్థం కాలేదు.

పరీక్ష రోజు మధ్యాహ్నం పని మధ్యలో వచ్చి, ట్రక్కు బడి గేటు ముందు ఆపి గంట కొట్టేదాకా కూర్చున్నాడు. యారెలీ పరిగెత్తుకుంటూ వచ్చి తలుపు తీసింది.

"ఎట్లా రాశావు తల్లీ?"

"తేనెటీగలు రాలేదు. ఉప్పు తయారుచేసేవాళ్ళ కథ వచ్చింది." ఎక్కి కూర్చుంటూనే అతని భోజనం సంచి ఒళ్ళోకి లాక్కుంది. "నాన్నా, ఆకలేస్తోంది."

వెండి కాగితం విప్పి, రొట్టెలో బీన్స్ చుట్టిన మొదటి టాకో తింది. రెండోది తినేటప్పుడు ఉప్పు కథ చెప్పింది. మూడోది ఉందా అని సంచిలో చెయ్యి పెట్టి వెతికింది.

పిల్లను తల్లి దగ్గర దింపి, మళ్ళీ పనికి వెళ్ళి కప్పు మీదకు ఎక్కాక ఎవరిస్టో సంచి తెరిచాడు. నలిగిన కాగితం, అడుగున రెండు బీన్స్ గింజలు మిగిలాయి. అవే నోట్లో వేసుకుని నవ్వుకుంటూ నమిలాడు.