బరువు మీదే బిగించాలి

ఇంట్లో ఉన్న పాత కారుకి జబ్బు చేసి చాలా కాలమైంది. చిన్న గుంతలో పడినా ముందు చక్రాల దగ్గర ఎముకకి ఎముక తగిలినట్టు 'టక్' మనేది. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. కానీ రేపు పొద్దున అమ్మని ఆసుపత్రి నుంచి ఇంటికి తేవాల్సింది ఆ బండిలోనే. పొట్ట మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఒక్క కుదుపు కూడా తగలకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

అందుకే ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులో అక్కాచెల్లెళ్ళిద్దరిలో పెద్దది పొద్దుటి నుంచీ బండితో కుస్తీ పడుతోంది. చిన్నది లైటు పట్టుకుని, అడిగిన పానా అందిస్తూ, అడగని సలహాలు కూడా అందిస్తోంది.

"మెకానిక్‌ని పిలిస్తే పోయేదిగా."

"ఊళ్ళో లేడే. ఫోన్లో అంతా చెప్పాడు."

"ఫోన్లో చెబితే అమ్మ ఆపరేషన్ కూడా నువ్వే చేసేదానివా?"

"ముందు నీ నోటికి చేద్దును. కుట్లు కూడా నేనే వేద్దును."

చక్రాలని పట్టి ఉంచే ఇనుప చేతులు రెండూ ఊడదీసేసరికి మధ్యాహ్నమైంది. వాటి కీళ్ళలో ఉండే రబ్బరు బుష్షులు నలిగి, చీలి, ముట్టుకుంటే పొడిగా రాలుతున్నాయి. వాటిని గుద్ది బయటికి తీసి, కొత్తవాటిని సబ్బు నీళ్ళు రాసి వైస్‌లో నొక్కి ఎక్కించింది. ఇనుప చేతులు మళ్ళీ వాటి చోట్లోకి చేరేటప్పటికి పొద్దు వాలి, వాన పట్టుకుంది. ఇక మిగిలింది బోల్టులు బిగించడమే.

మెకానిక్ మరీ మరీ చెప్పిన సంగతి అదే. "చక్రాలు గాల్లో ఉండగా బిగించకమ్మా. బండి బరువు మీదే బిగించాలి. సీట్లో ఒక మనిషి కూర్చుంటే మరీ మంచిది. ఏ బరువు మీద బిగిస్తే రబ్బరు ఆ బరువుకే అలవాటు పడుతుంది."

ముందు చక్రాల కింద దుంగలు పెట్టి, బండిని వాటి మీదకి దింపి, పెద్దది వెల్లకిలా కిందకి దూరింది. చిన్నది ఎక్కి స్టీరింగు ముందు కూర్చుంది. నిట్టూర్చినట్టు బండి కొంచెం కుంగింది.

రేకుల మీద వాన చప్పుడు. గ్రీజు వాసన, తడిమట్టి వాసన. పెద్దది మొదటి బోల్టుకి పానా తగిలించి బలంగా లాగింది. బిగిసింది.

బండి మళ్ళీ కుంగింది. ఈసారి ఎడమవైపు.

"కదలకుండా కూర్చోవే."

"నేనెక్కడ కదిలాను?"

పాత స్ప్రింగులు కదా, సర్దుకుంటున్నాయి అనుకుంది పెద్దది. కారణం లేకుండా ఏదీ జరగదని ఎవరితోనైనా గంటసేపు వాదించగలదు. ఆ ధైర్యంతోనే రెండో బోల్టు బిగించింది.

వెనకవైపు కుంగింది. మెల్లగా, ఎవరో పెద్దమనిషి జాగ్రత్తగా ఎక్కి కూర్చున్నట్టు.

తలుపు చప్పుడు మాత్రం కాలేదు.

గ్రీజు వాసన పోయింది. ఎన్నాళ్ళుగానో మూసి ఉంచిన పెట్టె తెరిస్తే వచ్చే మాగిన బట్టల వాసన... పైనుంచి దిగుతోంది.

"వెనక సీట్లో ఏమైనా పెట్టావా?"

చిన్నది మాట్లాడలేదు. భయపెడుతోంది, అంతే. దిగాక దీని పని పట్టాలి. పెద్దది మూడో బోల్టు లాగింది.

ఇంజను కింది రేకు వచ్చి ఆమె రొమ్ముకి ఆనింది.

"అక్కా..." పైనుంచి గుసగుస. "కొంచెం జరగమంటున్నారు."

"ఎవరే?"

"వెనక్కి చూడొద్దంట."

"దిగు. దిగిపో ముందు."

"తలుపు రావట్లేదక్కా... నా చెయ్యి పట్టుకున్నారు."

పక్కకి జరుగుదామంటే రేకు కదలనివ్వడం లేదు. ఊపిరి సగమే అందుతోంది. పైన సీటు కిర్రుమంది. చిన్నది ఏడుపు మింగుతున్న చప్పుడు. పెద్దదాని వాదనలన్నీ నోట్లోనే ఎండిపోయాయి. ఒక్కటే తోచింది. బిగించినప్పుడల్లా ఒకరు ఎక్కారు... అయితే వదులు చేస్తే?

పానా వెనక్కి తిప్పింది. మూడోది వదులైంది. రేకు వేలెడంత పైకి లేచింది. ఊపిరి అందింది.

రెండోది. వెనకవైపు తేలింది.

మొదటిది. ఎడమవైపు తేలింది.

తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. నేల మీద చిన్నదాని పాదాలు కనిపించాయి. పెద్దది మోచేతులు గీసుకుపోతున్నా పాక్కుంటూ బయటపడింది. చిన్నది తల వంచుకుని నిలబడి ఉంది. జుట్టు ముఖం మీద పడింది.

"దెబ్బేం తగల్లేదుగా? పద. లోపలికి పద." దాని చెయ్యి అందుకుని ఇంటివైపు లాగింది. అది ఒక్క మాట అనకుండా వెంట వచ్చింది.

వాకిట్లో లైటు వెలుగుతోంది. గడప దగ్గర పెద్దదాని కాళ్ళు ఆగిపోయాయి. ఏదో లెక్క కుదరలేదు. మెల్లగా తల తిప్పి షెడ్డులోకి చూసింది.

బండి తలుపు వేసే ఉంది. డ్రైవరు వైపు ముందు చక్రం మీదకి బండి ఇంకా కుంగే ఉంది. మనిషి దిగితే బండి లేవాలి.

లేవలేదు.

చీకటి అద్దానికి లోపలి నుంచి ఒక అరచెయ్యి ఆనింది. వానలో ఆ గొంతు సన్నగా, ఏడుస్తూ వినిపించింది. చిన్నదాని గొంతే.

"అక్కా... ఎవర్ని తీసుకెళ్తున్నావు?"

పెద్దదాని చేతిలో ఉన్న చెయ్యి ఇంకొంచెం బిగిసింది.