చెత్తలో దొరికిన తాతయ్య

“మా తాతయ్యేడండీ?”

హెడ్‌ఫోన్స్ తీసి పాటల టీచర్ అలా నిలదీసేసరికి డెసిబెల్ కంప్యూటర్ వైపోసారి, ఆమె వైపోసారి చూశాడు. పాత టేపుల్ని బాగుచేసి కంప్యూటర్‌లోకి ఎక్కించే షాపు అతనిది. పాటకన్నా అందులోని గరగర మీదే ధ్యాసని స్నేహితులు ఆ పేరు తగిలించారు.

వారం కిందట ఆమె వాళ్ళ అమ్మమ్మ ఎప్పుడో పాడిన టేపు తెచ్చింది. అప్పట్నుంచీ మనవాడి కాళ్ళు నేల మీద లేవు. సగం టేపు కోసం, సగం టీచర్ కోసం. ఎలాగైనా మెప్పించాలని ఫ్యాను రొద, వీధి మోత అన్నీ ఏరి పారేశాడు. పాట అద్దంలా తయారైంది.

“తాతగారు పాడలేదు కదండీ?”

“పాడలేదు. పక్కన కూర్చుని బల్ల మీద తాళం వేశారు. ఆయన పోయి ఆరేళ్ళయింది, ఇంకే రికార్డింగూ లేదు. సాయంత్రం వినిపిస్తానని అమ్మమ్మకి మాటిచ్చాను.”

“అయ్యో, ఆ టకటకా? తాళం తప్పుతోందని తీసేశానండీ!”

“తప్పితే తప్పింది, తీయడానికి మీరెవరు? నా టేపు నాకిచ్చేయండి.”

డెసిబెల్ ఇంకేం ఇస్తాడు? ఆ టేపు ఒక్కసారి తిరిగేసరికే పొరంతా పొడిపొడిగా రాలిపోయింది. పోనీ మొదటి కాపీ? పని బ్రహ్మాండంగా వచ్చిందన్న సంబరంలో తనే డిలీట్ చేశాడు. సిగ్గుపడుతూ అంతా చెప్పేశాడు.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “అసలు మీకు పాటలంటే ఇష్టమేనా?”

అతను ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచాడు.

“ఉండండుండండి! చెత్త ఉంది!”

“చెత్తేమిటండీ?”

తీసేసిన చప్పుళ్ళని అతను వేరే ఫైల్లో దాస్తాడు, పొరపాటున పాట కూడా కొట్టుకుపోయిందేమో చూసుకోవడానికి. దానికతను పెట్టుకున్న పేరే ‘చెత్త’. దాన్ని నొక్కాడు. ఫ్యాను రొద. ఎవరిదో హారన్. ఆ మధ్యలోంచి టక్... టకటక్... టక్.

“తాతయ్యే!” అంటూ ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. హమ్మయ్య, బతికాను అనుకున్నాడు డెసిబెల్.

పాటనీ ‘చెత్త’నీ కలిపేసి సాయంత్రం తనే వాళ్ళింటికి పట్టుకెళ్ళాడు. అక్కడున్నది అరచేతిలో పట్టే స్పీకరు, అదీ బొంగురుది. అయినా అతను పాటని తొలిసారి ఆసాంతం విన్నాడు, ఒక్క వంకా పెట్టకుండా.

“నా బంగారం! ఏనాడూ తాళం కుదిరి చావలేదు ఈయనకి,” అని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది అమ్మమ్మ. తర్వాత అతని వైపు తిరిగింది. “నీకు పాట వచ్చా బాబూ?”

“రాదండీ.”

“పోనీ తాళం?”

“అదీ రాదండీ. మీ మనవరాలు పాడుతుంటే పక్కన కూర్చోమంటే మాత్రం... జీవితాంతం కూర్చుంటాను.”

అనేశాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు. టీచర్ ముఖం ఎర్రబడింది.

“మీ తాతయ్యా ఇంతేగా,” అంది అమ్మమ్మ మనవరాలితో. “కాస్త జరిగి చోటివ్వు.”

టీచర్ జరిగింది, మరీ దూరమేం కాదు.