జెయింట్ వీలు మీంచి జారిన రుమాలు

సాయంత్రం ఎండ తగ్గగానే, గోదావరి గట్టున ఉల్లాసపురి పార్కులో జనం ఎప్పటిలాగే ఖాళీ ఆకాశంలోకి తలెత్తి నిలబడ్డారు. అందరి కళ్ళకీ నాటిచూపులనే అద్దాలే. ఆ అద్దాలు పెట్టుకుని ఏ చోట నిలబడితే ఆ చోటు పాత రోజుల్లో ఎలా ఉండేదో అలా కనబడుతుంది. జనం ఒకప్పుడు ఫోన్లలో తీసిపారేసిన బొమ్మలన్నీ పోగేసి, బొంత కుట్టినట్టు కుట్టారు మరి. మాట వినబడదు, మనుషులు మాత్రం కదులుతారు. అవి వచ్చాక పొలం గట్ల తగాదాలు ఆగాయి. "ఆ రోజు నువ్వసలు రాలేదు" అని మొగుడూ పెళ్ళాం వాదించుకునే సరదా కూడా పోయింది. ఎవర్ని చూసినా అలిసిపోయిన మొహాలే.

"మోకాళ్ళు లాగేస్తున్నాయండీ, ఇంటికి పోదాం," అంది ప్రవల్లిక.

"వచ్చి కూర్చున్నావో లేదో, అప్పుడే మొదలెట్టావు," అన్నాడు మొగుడు గిరిధర్. "మన పెళ్ళిచూపులు చూసుకోవద్దా? నా కళ్ళు మసకేస్తున్నాయి. పూర్తిగా పోకముందే చూడాలి."

ఈ పార్కు ముందు పార్కు కాదు, టిక్కెట్టు కొని వెళ్ళే ఆటల తోట. బొమ్మరైలు, నీళ్ళ జారుడుబల్ల, నడిమధ్యన జెయింట్ వీలు. పెద్ద వరదకి బొమ్మరైలు బురదలో కూరుకుపోయాక కంపెనీవాళ్ళు తాళం వేసి పోయారు. టిక్కెట్ల గదిలో పాములు కాపురం పెట్టాయి. తర్వాతెప్పుడో మున్సిపాలిటీవాళ్ళు తుప్పు ఇనుమంతా తూకానికి అమ్మేసి, కానుగ మొక్కలు నాటి, గేటు తీసేశారు. వీలు నిలబడ్డ సిమెంటు దిమ్మలే ఇప్పుడు ముసలాళ్ళు కూర్చునే అరుగులు. ఆ ఇద్దరూ కూర్చున్నదీ అలాంటి దిమ్మ మీదే.

ఆ వీలుకో ఆనవాయితీ ఉండేది. పెళ్ళిచూపుల పిల్లనీ పిల్లాణ్ణీ ఒకే తొట్టిలో ఎక్కించేవారు. తొట్టి పైకెళ్ళాక ఆపరేటరు వీలు ఆపేవాడు. కింద రెండువైపులవాళ్ళూ మెడలు నొప్పెట్టేలా చూస్తుండేవారు. కుర్రాడు నచ్చకపోతే పిల్ల రుమాలు జారవిడిచేది. అంతే, దించేసేవారు, తలా ఒక టీ తాగి ఎవరిళ్ళకి వాళ్ళు. ఎందుకని అడిగేవాళ్ళు లేరు. రుమాలు పడలేదంటే సంబంధం కుదిరినట్టే.

"మా ఆవిడ రుమాలు వదల్లేదండోయ్" అని గిరిధర్ వెళ్ళిన ప్రతి పెళ్ళిలో, భోజనాల బంతిలో చెప్పుకున్నాడు. ఆవిడ మాత్రం మళ్ళీ ఇటు అడుగు పెట్టలేదు. ఇవాళ బలవంతాన లాక్కొచ్చాడు.

"వద్దండీ, పాతవన్నీ ఇప్పుడెందుకు? ఆకలేస్తోంది," అందావిడ, చెయ్యి పట్టుకుని.

"దారిలో బజ్జీలు తినిపిస్తాలే," అని అద్దాలు పెట్టుకున్నాడు.

తలెత్తి పైకి చూశాడు. తర్వాత మెల్లిగా, "నీలం రుమాలు," అన్నాడు.

ప్రవల్లిక తల వంచుకుంది.

"వదిలేశావు కదే. పక్కనే కూర్చుని నేను కిందున్న మావాళ్ళకేసే చూస్తున్నాను."

"వదిలేశాను."

"మరి దించలేదేం?"

"నన్నడుగుతారేం? మా నాన్న ఆపరేటరు వైపు చెయ్యెత్తడం పైనుంచి చూశాను. దించొద్దని చెప్పాడనుకున్నాను. అంతా ముందే అనుకుని, రుమాలు చూసీ చూడనట్టు ఊరుకున్నారనుకున్నాను. అప్పట్నుంచీ ఆయనతో నోరారా మాట్లాడలేదు. మంచంలో ఉండి కబురు పెడితే కూడా ఆలస్యంగా వెళ్ళాను. అప్పటికే అయిపోయింది."

గిరిధర్ అద్దాలు తీసి ఆవిడ కళ్ళకి పెట్టాడు. "నువ్వూ చూడు."

చూసింది. రుమాలు చేతిలోంచి జారింది గానీ కింద పడలేదు. తొట్టి వెనకనుంచే గాలి దాన్ని ఎత్తుకుని ఏటివైపు తీసుకుపోయింది. అటు నిలబడి ఫోటోలు దిగుతున్నవాళ్ళెవరూ తలెత్తలేదు. ఇటు కింద వాళ్ళ నాన్న, ఎండకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, తొట్టినీ నేలనీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆపరేటరు మీట మీద చెయ్యి వెయ్యబోతే, ఇంకాస్సేపు ఆగవయ్యా, పిల్లకి టైమివ్వు అన్నట్టు చెయ్యెత్తాడు. మళ్ళీ నేలకేసి వెతికాడు.

"చూస్తూనే ఉన్నాడండీ," అందావిడ. "వీలు కదిలేదాకా చూస్తూనే ఉన్నాడు."

ఆ అద్దాలు చేసినవాళ్ళు పొలం గట్లు తేలితే చాలనుకున్నారు. పోయినవాళ్ళతో ఇప్పుడెలా మాట కలపాలో వాళ్ళు చెప్పి వెళ్ళలేదు.

కానుగ ఆకులు కదలడం లేదు. గిరిధర్ జేబులోంచి తన రుమాలు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇవాళ గాలి లేదు," అన్నాడు. "వదిలితే తిన్నగా కిందే పడుతుంది. నేను చూస్తున్నాను."

ఆవిడ దానికేసి కాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుంది, ముక్కు తుడుచుకుంది, మడిచి బొడ్లో దోపుకుంది.

"ఉతికిస్తాలెండి," అంది. "ముందు నన్ను లేపండి, మోకాళ్ళు పట్టేశాయి."