బుడగలమ్మ ఆఖరి పేజీ

పొద్దున్నే కాఫీ గ్లాసు పెట్టడానికి డైనింగ్ టేబుల్ మీద జానెడు చోటు లేదు. రిటైరైన ఇంజనీరుగారు టేబులంతా పాత దుప్పటి పరిచి, దాని మీద రెండు అట్టలు పెట్టుకుని, కళ్ళజోడుకు భూతద్దం ఆనించి కూర్చున్నారు. అవి బొమ్మల కథల పత్రికకు ఒకప్పుడు చిత్రకారుడు తన చేత్తో గీసిన అసలు పేజీలు. అచ్చయ్యాక అటకెక్కాల్సిన ఆ అట్టలకు ఇప్పుడు బంగారానికున్నంత గిరాకీ ఉంది. పాత బొమ్మలమ్మే వ్యాపారి రెండూ చేతికిచ్చి, తీరిగ్గా చూసుకుని నచ్చినదాన్ని ఉంచుకోమన్నాడు. పెన్షన్ మీద బతికే మనిషి కొనగలిగేది ఒక్కటే.

ఆయన భార్య గ్లాసు చేత్తో పట్టుకునే నిలబడింది. ఈవేళ కుళాయి నీళ్ళు తొందరగా ఆగిపోతాయట అని చెప్పింది. "ఊఁ" అన్నారాయన. ఆదివారం మన పెళ్ళిరోజని అమ్మాయి భోజనానికి వస్తోందని చెప్పింది. దానికీ "ఊఁ" అనే అన్నారు. ఆ ఇంట్లో ఇన్నేళ్ళ కాపురం ఆ ఒక్క అక్షరం మీద నడిచింది. జ్వరమొచ్చిందన్నా అదే, గ్యాసు అయిపోయిందన్నా అదే. సర్వరోగ నివారిణి.

పేజీలు ఎంచుకోవడంలో మాత్రం ఆయనకో శాస్త్రం ఉంది. వీరుడు ఎదురుగా నిలబడి కనిపించాలి. కత్తి దూసి ఉంటే మరీ మంచిది, గుర్రం కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. మూలన చిత్రకారుడి సంతకం ఉండాలి. అట్టకు చెమ్మ తగిలి ఉండకూడదు. మాటలు ఎంత తక్కువైతే అంత మేలు. పెళ్ళిచూపులకని తనను చూడటానికి వచ్చిన రోజున ఇందులో పదోవంతు కూడా చూసుకోలేదని, తలెత్తకుండానే సరే అన్నారని ఆవిడకు బాగా గుర్తు.

ఒక పేజీ నిండా కత్తియుద్ధం. రెండోది చూడగానే ఆవిడ కాఫీ గ్లాసు కిటికీ గూట్లో పెట్టేసింది. దీపం దగ్గర వీరుడి చెల్లెలు నిలబడి అన్నతో మాట్లాడుతోంది. అంతే. పై నుంచి కింది దాకా ప్రతి గడిలోనూ మాటలే. ఆ మాటలున్న బుడగలు వేరే కాగితం మీద రాసి, కత్తిరించి, బొమ్మల మీద అంటించినవి. జిగురు గోధుమరంగుకు తిరిగి అంచులు పైకి లేచాయి.

ఆ బుడగలు ఆవిడ రాసినవే. పెళ్ళికి ముందు ఆవిడ ఆ పత్రికలో అక్షరాలు రాసేది. రచయిత గీకి పంపిన మాటల్ని గుండ్రంగా దిద్ది, చుట్టూ గీత గీసి, ఎవరి మాటను వాళ్ళ నోటి దగ్గర అంటించడం పని. కష్టపడి గీసిన కిటికీని మింగేశావు కదమ్మా బుడగలమ్మా అని చిత్రకారుడు తల పట్టుకునేవాడు. ఆ పేరే ఆఫీసంతా పాకింది. బొమ్మ కింద చిత్రకారుడి పేరుండేది, కథ పైన రచయిత పేరుండేది. బుడగలు మాత్రం ఎవరివీ కావు. పెళ్ళయ్యాక కూడా కొన్నాళ్ళు పని ఇంటికి తెచ్చుకుంది. జిగురు వాసనకు తలనొప్పి వస్తోందన్నారు ఇంజనీరుగారు. ఒకసారి కాదు, రోజూ అన్నారు. మానేసింది. ఇప్పుడేమో ఆయన అవే అట్టలకు ముక్కు ఆనించి అత్తరులా పీలుస్తున్నారు. ఆ తలనొప్పి ఎటు పోయిందో ఆయనే చెప్పాలి.

ఈ చెల్లెలి పేజీ ఆవిడ ఆఖరి పని. ఆ వారం రచయిత జ్వరంతో మంచమెక్కాడు. బొమ్మలు వచ్చేశాయి, మాటలు రాలేదు, అచ్చుయంత్రం కాచుకుని కూర్చుంది. నువ్వే ఏవో నాలుగు ముక్కలు రాసెయ్యమని సంపాదకుడు చేతులెత్తేశాడు. ఆవిడ రాసింది. జీవితంలో అచ్చయిన తన సొంత మాటలు అవే. ఇంట్లో నోటితో అనలేనిది పత్రికలో రాస్తే ఆయన చదువుతారని ఆశ పడింది, ఆ పత్రికను వారంవారం వదలని మనిషి మరి. చదివారు కూడా. ఈ వారం యుద్ధం లేదు, చప్పగా ఉందని పక్కన పడేశారు.

"నువ్వూ చూడు, ఏది బాగుంది?" అన్నారు ఇంజనీరుగారు ఉన్నట్టుండి.

ఆయన తనను ఒక మాట అడిగి ఎన్నాళ్ళయిందో ఆవిడకు లెక్క తెలీదు. చెల్లెలి పేజీ మీద వేలు పెట్టింది. ఆయన నవ్వారు. వీరుడి వీపు తప్ప ముఖం లేదు, గుర్రం ఊసే లేదు, పైగా ఆ వెలిసిన బుడగలొకటి, దీన్ని తీసుకుంటే తోటి సేకర్తలు నవ్విపోతారని వివరంగా చెప్పారు. ఎందుకు నచ్చిందని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే చెప్పేది. అడక్కుండా చెప్పడం ఆవిడ ఏనాడో మానుకుంది. చల్లారిన కాఫీ మళ్ళీ వేడి చేసి ఆయన చేతికిచ్చి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆయన రెండు అట్టలూ చంకలో పెట్టుకుని వెళ్ళి, కాగితం చుట్టిన ఒకదాన్ని వెనక్కి తెచ్చి బీరువాలో పెట్టారు. యుద్ధమే అయ్యుంటుందనుకుంది ఆవిడ. ఆ తర్వాత వంటింట్లో వెడల్పాటి పళ్ళెం కనిపించకుండా పోయింది. ఏమైందని అడిగితే "ఊఁ" అన్నారు. స్నానాలగది తలుపు వేసుకుని ఆయన అంతసేపు ఏం చేస్తున్నారో ఆవిడ అడగలేదు.

ఆదివారం కూతురు వచ్చింది. పళ్ళ డాక్టరు. వస్తూనే తండ్రీ కూతురూ గుసగుసలాడుకున్నారు. భోజనాలకు ముందు ఇంజనీరుగారు బీరువా తెరిచి, అద్దం బిగించిన పటం తెచ్చి భార్య ఒళ్ళో పెట్టారు. ఆయన ముఖం పరీక్ష బాగా రాసిన పిల్లాడి ముఖంలా ఉంది. యుద్ధం వదిలేసి నువ్వు వేలు పెట్టిందే కొన్నానని చెప్పారు. నిజమే. అందులో దీపముంది, చెల్లెలుంది, ఇన్నేళ్ళు బుడగ కింద దాగిన కిటికీ ఉంది, కిటికీకి పాకిన తీగ కూడా ఉంది.

బుడగల్లేవు.

చెల్లెలి నోరు తెరుచుకునే ఉంది, చెయ్యి గాల్లోకి లేచే ఉంది. ఆ చెయ్యి ఎందుకు లేచిందో చూసినవాళ్ళకు తెలిసే దారి లేదు.

"మాటలేవండీ?" అంది ఆవిడ.

"తీసేశాను. చూడు ఎంత శుభ్రంగా ఉందో. పళ్ళెంలో తడిదూది పెట్టి మెల్లగా ఊడదీశాను, గీత కూడా చెదరలేదు."

"తీసి ఎక్కడ పెట్టారు?"

"పెట్టడమేంటి? నాని ముద్దయిపోయాయి. చెత్తలో పడేశాను."

ఆవిడ పటాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది. తల్లి ముఖం చూసి కూతురు కంగారు పడింది. నాన్న ఇంత ప్రేమగా తెస్తే అలా చేస్తావేంటమ్మా, పోయినవి అక్షరాలే కదా, బొమ్మ బాగానే ఉందిగా అంది. పాపం, సర్దిచెబుదామనే అంది.

"నువ్వు రోజూ నోళ్ళు తెరిపిస్తావు, పళ్ళు చూస్తావు" అంది తల్లి. "ఆ నోళ్ళలో మాటలు కూడా ఉంటాయమ్మా."

ఇంజనీరుగారికి కోపం వచ్చింది. ఇష్టమైన యుద్ధాన్ని వదులుకున్నందుకు, వేళ్ళు నానేలా కష్టపడినందుకు ఇదా ఫలితమని అన్నారు. నువ్వు అప్పట్లో అక్షరాలు రాసేదానివని నాకు తెలీదా, కావాలంటే అలాంటివి మళ్ళీ రాయించి అంటించవచ్చు, దానికింత రాద్ధాంతమా అన్నారు.

"అక్షరాలు కాదు. ఆ పేజీలో మాటలే నావి" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "కొత్త కాపురంలో మీరు చదవాలని రాశాను. అప్పుడు చప్పగా ఉందన్నారు. ఇప్పుడు కడిగి పారేశారు. ఇక మీకు చెప్పడానికి నా దగ్గర ఏం మిగల్లేదు."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి వడ్డించింది. ముగ్గురూ తిన్నారు. ఆవిడ ఏడవలేదు. నన్ను నొప్పించాలని చేసింది కాదు, ప్రేమతోనే చేశారు, అదే ఎక్కువ బాధగా ఉంది అనుకుంది. కావాలని చేస్తే తిట్టవచ్చు. చూడకుండా చేసినదాన్ని ఏమని తిట్టాలి?

చెయ్యి కడుక్కుని ఇంజనీరుగారు ఎటో వెళ్ళిపోయారు. ఎంతకీ రాకపోయేసరికి కూతురు కిటికీలోంచి తొంగిచూసి, అమ్మా ఒకసారి రా అని పిలిచింది. గేటు పక్కన, బండివాడు ఇంకా ఎత్తుకెళ్ళని చెత్తడబ్బా దగ్గర, పెళ్ళిరోజుకని వేసుకున్న తెల్లచొక్కా చేతులు పైకి మడుచుకుని, ఆయన నడుం వంచి వెతుకుతున్నారు. తొక్కలు, కాగితాలు, కాఫీపొడి ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతున్నారు. ఎదురింటివాళ్ళు వసారాలో కూర్చుని చూస్తున్నా పట్టించుకోవడం లేదు. ఇంట్లో ఊడ్చిన కాగితం ముక్క కూడా ఎత్తని మనిషి.

చివరికి అరచేతిలో ఏదో పట్టుకుని లోపలికి వచ్చి, మాయమైన ఆ వెడల్పాటి పళ్ళెం తెచ్చి అందులో పెట్టారు. గోరంత కాగితం ముక్క.

"ఇదొక్కటే దొరికింది" అన్నారు తలొంచుకుని. "మిగతావి కరిగిపోయాయి."

ఆవిడ వంగి చూసింది. కాఫీ మరక కింద తన చేతిరాత ఇంకా గుండ్రంగానే ఉంది. చెల్లెలు చెప్పినదంతా విన్నాక చివరి గడిలో అన్న ఇచ్చే జవాబు అది.

"ఊఁ."

ఆవిడకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. తను రాసినదంతా పోయింది, ఇదొక్కటి మాత్రం చెత్తలో కూడా చావలేదు. నవ్వుతూ నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తడిసింది. కూతురు ఆ ముక్కను చదివింది. తండ్రి వైపు చూసి, తను కూడా ఇదే ఇంట్లో పెరిగినదాన్నని గుర్తొచ్చినట్టు తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"మిగతావాటిలో ఏం రాశావు?" అని అడిగారు ఇంజనీరుగారు.

ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. చేతులకు అంటిన మురికి కూడా కడుక్కోలేదు. అప్పుడు ఆవిడ బోర్లించిన పటాన్ని తిప్పి, ఒక్కో గడి మీద వేలు పెడుతూ చెప్పింది. ఒక్క మాట కూడా మరిచిపోలేదు.

"నీ గుర్రానికి దాహమేస్తే నీకు తెలుస్తుంది అన్నా. నీ కత్తికి తుప్పు పడితే తెలుస్తుంది. ఈ ఇంట్లో నేనూ ఉన్నాను. నీకేం కావాలని నన్ను ఎప్పుడైనా అడిగావా?"

ఆవిడ వేలు చివరి గడి దగ్గర ఆగింది. అలవాటుగా ఆయన గొంతులోంచి ఏదో రాబోయింది. పెదవులు బిగబట్టి దాన్ని మింగేశారు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

"నీకేం కావాలి?" అన్నారు.

ఆ ప్రశ్న కోసం ఆవిడ ఒక వయసంతా కాచుకుని కూర్చుంది. ఒకప్పుడైతే జవాబు నాలుక చివర ఉండేది. ఇప్పుడు వెతికితే దొరకలేదు. అడగని ఏళ్ళలో దాన్ని ఎక్కడ పెట్టి మరిచిపోయిందో ఆవిడకే తెలీదు. అది తెలిశాక అప్పుడు ఏడ్చింది, ఎవరి దగ్గరా దాచుకోకుండా, గట్టిగా.

ఆయన కదల్లేదు. తొందర పెట్టలేదు. ఏడుపు తగ్గాక ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"ఇప్పుడు తెలీడం లేదండీ" అంది. "రేపు కూడా అడగండి."