జనవరి ఒకటిన పుట్టనివాడు

ఉదయం పదకొండున్నరకు పర్శరాములు గొంతు తెగింది. కామారెడ్డి శివారులో సైన్యానికి మందుగుండు పంపే గోదాం ఆఫీసులో, తన కుర్చీలోనే. ఉద్యోగుల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం అతని పని. పాపం, ఎవరి జోలికీ పోని మనిషి.

ఏజెంట్ భీమేష్ శవాన్ని పక్కకు జరిపి, నెత్తురు తడి ఆరని కీబోర్డు ముందు కూర్చున్నాడు. మూడు రోజులుగా ఆ ఆఫీసులో అతని పేరు ఆడిటర్ సాయికిరణ్.

ఇయర్‌పీస్‌లో చీఫ్ జోయల్ గబగబా చెప్పాడు. ఎల్లారెడ్డి నుంచి నలభై మంది హమాలీలతో బస్సు వస్తోంది. అందరికీ ఇవాళే మొదటి డ్యూటీ, ఒకరి మొహం ఒకరికి తెలియదు. వాళ్లలో ఒకడు విదేశీ ముఠా మనిషి, నడుముకు బాంబు. ఉద్యోగుల పేర్లన్నీ ఉండే ఎంప్లాయీ మాస్టర్‌ ఫైల్లో వాడి పేర దొంగ రికార్డు చేర్చారు. అది పసిగట్టినందుకే పర్శరాముల్ని చంపేశారు. బస్సు ఆపితే వాడు అక్కడే పేల్చేస్తాడు.

"ఇరవై నిమిషాలే ఉన్నాయి. ఎవడో తేల్చు."

ఆ నలభై మందిలో సిద్దిరాములు ఉన్నాడు. భీమేష్ కన్నతండ్రి. ఆ సంగతి చీఫ్‌కు చెబితే తనను మిషన్ నుంచి తప్పిస్తారని నోరు మూసుకున్నాడు.

అనూహ్య లోపలికొచ్చింది. హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్. ముఠాలో ఉంటూనే మనకు కబుర్లు అందించే డబుల్ ఏజెంట్. చూస్తే కళ్లు తిప్పుకోలేం.

"డేటా క్లీనేనా?" అంది, కోడ్ ప్రకారం.

"డూప్లికేట్లు లేవు."

ఆమె స్క్రీన్ మీద వేలు పెట్టింది. "సిద్దిరాములు. వీడే. బస్సు దిగగానే కాల్చెయ్."

"ఆయన మా బాపు," అన్నాడు భీమేష్.

తన అబద్ధం బయటపడగానే ఆమె కొప్పులోంచి విషపు పిన్ను లాగి మీదికి దూకింది. అతను మణికట్టు పట్టి విరిచాడు. ఎముక పటుక్కుమంది. అదే పిన్ను ఆమె మెడలో దిగింది. నోట నురగ కక్కుతూ పర్శరాములు పక్కనే కూలిపోయింది.

నాలుగు నిమిషాలు మిగిలాయి. ఫొటోలు, బ్లడ్ గ్రూపులు, నామినీలు, ఎక్కడా తప్పు లేదు. పుట్టినతేదీల దగ్గర భీమేష్ ఆగిపోయాడు. బడి మొహం చూడని ముసలి హమాలీలు. ఎప్పుడు పుట్టారో వాళ్లను కన్న తల్లులకే గుర్తులేదు. ఆధార్ తీసినప్పుడు వయసు అడిగి అందరికీ జనవరి ఒకటి వేసేశారు. జనవరి ఒకటి, జనవరి ఒకటి, జనవరి ఒకటి... బాలకృష్ణ, ఆగస్టు పదిహేడు. ముఠావాళ్లు ముచ్చటపడి వాడికో పుట్టినరోజు కూడా పెట్టారు!

ఆ రికార్డులో 'యాక్టివ్' తీసి 'ఇనాక్టివ్' పెట్టాడు. సేవ్ నొక్కి గేటు వైపు పరుగెత్తాడు.

హమాలీలు ఒక్కొక్కరే హాజరు మిషన్ మీద బొటనవేలు పెట్టి లోపలికొస్తున్నారు. పచ్చలైటు. పచ్చలైటు. బాపుకూ పచ్చలైటు. వెనకవాడు వేలు పెట్టగానే ఎర్రలైటు వెలిగింది.

బాంబు స్విచ్ నొక్కాల్సిన చెయ్యి ఇంకా మిషన్ మీదే ఉంది. భీమేష్ మొదటి గుండు ఆ మణికట్టును చీల్చింది. రెండోది నుదుట్లో దిగింది. బాపు తెల్లచొక్కా నిండా నెత్తురు చిమ్మింది.

కొడుకు హైదరాబాద్‌లో కంప్యూటర్ ఆపరేటరనే ముసలాయన నమ్మకం. శవాన్నీ కొడుకునీ మార్చి మార్చి చూశాడు.

"కంప్యూటర్ల పేర్లు ఎక్కిచ్చే నౌకరి అంటివి గద బిడ్డా."

"గదే బాపు. ఇయ్యాల ఒక పేరు తీసేసిన."