కరగని వెండికొండ

వెండికొండ పాదాల దగ్గర ఏడువాగుల రాజ్యం ఉండేది. ఎండలు ముదిరేసరికి కొండ నెత్తి మీది మంచు కరిగి, ఏడు వాగులై కిందికి దిగేది. ఆ నీళ్లతోనే నార్లు, ఆ నీళ్లతోనే నాట్లు. పిల్లలూ, ఆ ఏడు మాత్రం ఎండ మాడు పగలగొడుతున్నా, కొండంతా తెల్లగా మెరుస్తున్నా, వాగుల్లోకి చుక్క దిగలేదు.

రాజు జయధీరుడు జ్యోతిష్కులను పిలిపించాడు. శిఖరం మీద ఉండే గండుడనే రాక్షసుడు నీళ్లన్నీ తాగేస్తున్నాడని వాళ్లు తేల్చారు. రాక్షసుడి మీదికి వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు గనుక, కోపమంతా వచ్చి నీరటి బుచ్చన్న మీద పడింది. నీరటి అంటే తూములు తీసి, వంతుల ప్రకారం పొలాలకు నీళ్లు వదిలేవాడు. రాని నీళ్లను అతను మాత్రం ఎక్కణ్ణించి వదులుతాడు? ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. అతణ్ణి చెరలో వేసి, తొమ్మిది రోజుల్లో వాగు పారకపోతే దేశం విడిచి పోవాలన్నారు.

బుచ్చన్న కూతురు చెంగమ్మకు పదహారేళ్లు. సభలో మొత్తుకుని మొత్తుకుని గొంతు పోయింది. చివరికి నాన్న పార భుజాన వేసుకుని, తనే కొండ దారి పట్టింది.

అడవిలో మొదట ఒక ముని కనిపించాడు. కళ్లు మూసుకుని ఉన్నాడు. చెంగమ్మ ఒక పగలు చూసింది, రెండు పగళ్లు చూసింది. కాళ్ల మీద చీమలు దులుపుకుంటూ పళ్లు కొరుక్కుంది. మూడోనాడు ముని కళ్లు తెరిచి, ముందు తన కమండలం నింపుకొని రమ్మన్నాడు.

"స్వామీ, నేను వచ్చిందే నీళ్లు లేవని," అంది చెంగమ్మ.

"లేవా? ఎప్పట్నించి?" అన్నాడు ముని.

ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ముని నొచ్చుకుని, జంతువుల మాట తెలిసేలా వరమిచ్చి పంపాడు. వరం బదులు దారి చూపినా బాగుండేదని గొణుక్కుంటూ ఆమె పైకి నడిచింది.

కనుమ దగ్గర రెక్కల జింక ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. అది తుమ్మితే చాలు, మబ్బు కమ్మి మంచు కురిసేది. చెంగమ్మ మూడు సార్లు ఎక్కింది, మూడు తుమ్ములకు మూడు సార్లు కిందికి దొర్లింది. మోకాళ్లు చీరుకుపోయాయి. రెండు రోజులు గడిచిపోయాయి.

"నీకు ఇంకెప్పుడు తగ్గుతుందే తల్లీ?" అని విసుక్కుంది.

"తగ్గితే నేనెందుకు తుమ్ముతాను? ముక్కంతా దిబ్బడ," అంది జింక.

చెంగమ్మ ఇంత మంచు కరగబెట్టి, వావిలాకు వేసి, దాని ముక్కుకు ఆవిరి పట్టింది. మర్నాటికి జింక తేరుకుని, ఆమెను వీపు మీద ఎక్కించుకుని శిఖరానికి ఎగిరింది.

అక్కడ గండుడు బండంత తల పట్టుకుని కూర్చున్నాడు. చెంగమ్మ పార ఎత్తి, తాగిన నీళ్లు కక్కమంది.

"నాకే గొంతు తడిసి నెలయింది పిల్లా," అన్నాడు రాక్షసుడు నీరసంగా. "తిట్టే ముందు నీ కాళ్ల కింద తవ్వి చూడు."

తవ్వింది. బెత్తెడు మంచు కింద ఊక. మూరెడు మందాన ఊక. దాని కింద గట్టి మంచు, ఎండ తగలకుండా హాయిగా ఉంది. ఊక దుమ్ముకు జింక మళ్లీ తుమ్మింది.

ఆ ఊక ఎవరిదో చెంగమ్మకు బాగా తెలుసు. ఆ రాజ్యంలో మంచు మీద బల్లలేసుకుని జారే ఆటంటే అందరికీ పిచ్చి. నిరుడు మంచు తొందరగా కరిగి, జారుడు పండగ మూడు రోజులకే ముగిసింది. మంచుగడ్డను ఊకలో దాచినట్టు ఈ ఏడు కొండనూ దాచేద్దామని రాజు అన్నాడు. ఊరూరా కళ్లాల్లోని ఊకంతా గంపలకెత్తి పైకి మోశారు. పండగ నెల దాటినా సాగుతోందని మురిసిపోతున్నారు. ఆ మోతలో పాటలు పాడుతూ నడిచినవాళ్లలో చెంగమ్మ కూడా ఉంది.

"మనుషులు పరిచింది మనుషులే తియ్యాలి. నేను ముట్టుకుంటే రాయినైపోతాను, కొండ శాపం," అన్నాడు గండుడు.

ఏడో రోజంతా ఆమె ఒక్కతే తోసింది. తోసిందంతా గాలికి మళ్లీ వచ్చి పడింది. ఎనిమిదో రోజు పార విసిరికొట్టి, జింకనెక్కి తిన్నగా జారుడు వాలుకు దిగింది. రాజుగారు అక్కడే ఆటలో ఉన్నారు. సంగతంతా చెబితే కొలువువాళ్లు నవ్వారు. మంచు పోతే ఆడుకునేది ఎక్కడని రాజు అడిగాడు.

"నారు ఎండితే తినేది ఎక్కడ మహారాజా?" అంది చెంగమ్మ. "నా మాట నమ్మొద్దు. ఎక్కి, మీ చేత్తో మీరే తవ్వండి. నీళ్లను ఆపింది మన ఊక కాకపోతే నాన్నతోపాటు నన్నూ వెళ్లగొట్టండి."

అంతమందిలో వెనకడుగు వేయలేక రాజు జింక మీద ఆమె వెనక కూర్చున్నాడు. పైన గండుణ్ణి చూసి కత్తి దూశాడు. రాక్షసుడు కనీసం లేవలేదు. రాజు కత్తితోనే తవ్వాడు. ఊకా, దాని కింద కరగని మంచూ బయటపడ్డాయి. తర్వాత దిగి, ఆటకొచ్చిన వందలమందినీ బల్లలతో సహా పైకి రమ్మన్నాడు.

తొమ్మిదో రోజు ఉదయమే అంతా వరసకట్టారు. బల్లలు అడ్డంగా పట్టి, భుజం భుజం రాసుకుంటూ ఊకను లోయలోకి నెట్టారు. మధ్యాహ్నపు ఎండ మంచును తాకింది. మొదట ఒక చుక్క, తర్వాత దారమంత ధార, పొద్దు వాలకముందే ఏడు వాగులు. గండుడు బోర్లా పడుకుని కడుపునిండా తాగాడు. జనం పక్కకు జరిగి చోటిచ్చారు.

రాజు స్వయంగా చెర తలుపు తీశాడు. బుచ్చన్న కూతుర్ని చూసి, పార ఎక్కడ పారేశావని కసిరాడు. తర్వాత ఆమె మోకాళ్లు చూసి ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

చెంగమ్మను కొండ నీరటిగా ఆనాడే ప్రకటించారు. మంచు మీద ఎన్నాళ్లు ఆడాలో, ఎప్పుడు ఆపాలో ఇక ఆమెదే మాట. ఆమె మొదటి తూము చివరి పొలాలకు తీసింది. గట్టు మీద నిలబడి రాజు, తన తోట వంతు ఎప్పుడని మెల్లగా అడిగాడు.

"చివరిది మహారాజా," అంది చెంగమ్మ. "నీడలో కూర్చోండి."

రాజు వెళ్లి నీడలో కూర్చున్నాడు.